గోవుకీ 'కౌ'కీ చుట్టరికం ఉంది, ఆవుకి లేదు

మాటల పుట్టుక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జంతువుల పేర్ల మీదే. సంస్కృతం, పారశీకం, గ్రీకు, లాటిన్, రష్యన్, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ ఉమ్మడి తల్లిగా ఉండిన భాషను మూల ఇండో-యూరోపియన్ అంటారు. దాని రాత ఎక్కడా మిగల్లేదు. కూతురు భాషల్ని పక్కపక్కన పెట్టి, వాటి మధ్య క్రమం తప్పని మార్పుల్ని పట్టుకుని దాని మాటల్ని తిరిగి కడతారు. అలా కట్టిన మాటను ఇక్కడ 'మూలరూపం' అంటున్నాం.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): ఇంగ్లీషు 'కౌ', మన 'గోవు' ఒకే మాటని మా అబ్బాయి కాలేజీలో విన్నాడు. నిజమేనాండీ? నిజమైతే 'ఆవు' కూడా 'కౌ'లోంచి 'క' జారిపోయిన రూపమేనా?

జవాబు: మొదటిది నిజం, రెండోది కాదు.

గో, కౌ రెండూ 'గ్వోఉస్' అనే మూలరూపం నుంచి వచ్చాయి. చెవికి ఒకేలా వినిపిస్తున్నాయని చెప్పే మాట కాదిది. మూలభాషలో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే 'గ్వ' ధ్వని ఒకటి ఉండేది. సంస్కృతంలో అది 'గ' అయింది, ఇ, ఎ ల ముందు 'జ' అయింది. గ్రీకులో చాలా చోట్ల 'బ' అయింది. లాటిన్‌లో 'వ', ఇంగ్లీషులో 'క' లేదా 'క్వ' అయింది. ఒక్క గోవులోనే ఇలా జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ గమ్ (వెళ్ళు) అనే ధాతువును చూడండి: ఇంగ్లీషులో 'కమ్', గ్రీకులో 'బైనో', లాటిన్‌లో 'వెనియో'. 'జీవ' చూడండి: ఇంగ్లీషు 'క్విక్' (పాత అర్థం ప్రాణమున్నది), గ్రీకు 'బియోస్', లాటిన్ 'వీవుస్'. బయాలజీలోని 'బయో' మన 'జీవ'కి తోబుట్టువన్నమాట. గో, కౌ, గ్రీకు 'బూస్' ఇదే వరసలో కూర్చుంటాయి.

ఈ వరసలో లాటిన్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. సూత్రం ప్రకారం లాటిన్‌లో ఆవుకు 'వోస్' రావాలి, వచ్చింది మాత్రం 'బోస్'. రోముకు పొరుగున ఉన్న ఆస్కన్, అంబ్రియన్ మాండలికాల్లో 'గ్వ' 'బ' అవుతుంది. పశువుల మాట ఆ పల్లెల నుంచి రోముకు అరువొచ్చిందని దీన్నిబట్టే తెలిసింది. సూత్రం తప్పిన చోటే ఇలా చరిత్ర బయటపడుతుంది. ఆ 'బోస్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళి 'బీఫ్' అయింది. కాబట్టి ఇంగ్లీషులో ఒకే మూలం కౌగా ఒకసారి, బీఫ్‌గా ఇంకోసారి ఉంది.

ఇక ఆవు. తమిళంలో 'ఆ', కన్నడంలో 'ఆవు' ఉన్నాయి, ఇది శుద్ధ ద్రావిడ మాట. గోవుతో ప్రాస కలవడానికి కారణం మన వ్యాకరణమే. ఉకారంతోనో ఓకారంతోనో ముగిసే సంస్కృత మాట తెలుగులోకి వస్తే చివర 'వు' చేరుతుంది: గురు, గురువు; పశు, పశువు; ధేను, ధేనువు; గో, గోవు. ఆ 'వు' తీసేస్తే మిగిలేది 'గో', 'ఆ'. రెంటికీ ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న (అదే విషయం మీద మార్కాపురం నుంచి): గోత్రం, గోష్ఠి, గవాక్షం, గోధుమ, వీటన్నిట్లో గోవు ఉందా?

జవాబు: మొదటి మూడింట్లో ఉంది. గోత్రం ఋగ్వేదంలో ఆవుల దొడ్డి, తర్వాతే వంశం. గోష్ఠం అంటే ఆవులు నిలిచే చోటు, అక్కడ చేరిన జనం కూడిక గోష్ఠి. గవాక్షం అంటే ఆవు కన్ను. మీరు అడగలేదు గానీ, పరిశోధన అన్న అర్థంలో వాడే 'గవేషణ' కూడా ఆవుల్ని వెతకడమే. గోధుమలో మాత్రం గోవు లేదు. ఇరాన్ ప్రాచీన మతగ్రంథమైన అవెస్తాలో ఈ ధాన్యం 'గంతుమ', పారశీకంలో 'గందుమ్'. ఇరాన్ వైపు వినిపించే ఈ మాట సంస్కృతంలో గో, ధూమ అనే తెలిసిన మాటల అచ్చులో పడి 'గోధూమ' అయింది. అర్థం కాని మాటను అర్థమయ్యే ముక్కలుగా మార్చుకోవడం అన్ని భాషల్లోనూ ఉంది. మూలాలు వెతికేవాళ్ళు ముందుగా జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): అశ్వం లాటిన్‌లో 'ఎక్వుస్' అయిందని చదివాను. అంటే లాటిన్, ఇంగ్లీషు సంస్కృతం నుంచి పుట్టినట్టే కదా? పక్కకెళ్ళి తల్లి భాష అంటూ ఇంకొకటి ఊహించడం ఎందుకు?

జవాబు: ఊహించకపోతే అచ్చుల లెక్క తేలదు కాబట్టి.

మూడు మాటలు తీసుకుందాం. అశ్వ (గుర్రం), అవి (గొర్రె), అజ్ (తోలడం). సంస్కృతంలో మూడూ 'అ'తోనే మొదలవుతాయి. లాటిన్‌లో ఇవి ఎక్వుస్, ఓవిస్, ఆగో: ఎ, ఒ, అ, మూడు వేరు వేరు అచ్చులు. లాటిన్ సంస్కృతం నుంచే పుట్టి ఉంటే, ఏ 'అ'ను 'ఎ' చేయాలో, దేన్ని 'ఒ' చేయాలో దానికెలా తెలిసింది? పోనీ తోచినట్టు మార్చుకుంది అనుకుందామా అంటే, గ్రీకులోనూ గొర్రె 'ఒఇస్', తోలడం 'ఆగో'. సముద్రానికి అటూ ఇటూ ఉన్న భాషలు ఒకే చోట ఒకే అచ్చు చూపిస్తున్నాయంటే, అది ముందు నుంచీ ఉన్నదే. మూడు అచ్చుల్నీ 'అ'గా కలిపేసుకున్నది సంస్కృతం, అవెస్తా ఉన్న శాఖ.

ఆ పాత 'ఎ' గుర్తు సంస్కృతంలోనే మిగిలింది. కృ ధాతువుకు లిట్‌లో (భూతకాల రూపంలో) 'చకార', గమ్ ధాతువుకు 'జగామ' అని నేర్చుకున్నవాళ్ళకు గుర్తుంటుంది. ధాతువులోని 'క' రెండుసార్లు పలికేటప్పుడు మొదటిది 'చ' ఎందుకైంది? 'గ' ఎందుకు 'జ' అయింది? ఆ ముందు అక్షరంలో ఒకప్పుడు 'ఎ' ఉండేది. 'ఎ' ముందు 'క' తాలవ్యమై 'చ' అయింది, ఆ తర్వాత 'ఎ' కాస్తా 'అ'గా మారింది. ఈ సూత్రం 1870లలో బయటపడింది. అప్పటిదాకా యూరప్ పండితుల్లో చాలామంది అచ్చుల విషయంలో సంస్కృతమే అసలు రూపం అనుకునేవాళ్ళు.

విలియం జోన్స్ 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో చెప్పింది కూడా ఇదే: సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చాయి, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదు. సంస్కృతం తల్లి అని ఆయన అనలేదు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళకు, 1816లో, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ మన భాష విషయం తేల్చాడు. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ధాతువుల్ని పక్కపక్కన పెట్టి చూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం వచ్చింది 1856లో. ఎల్లిస్ అంతకు నలభయ్యేళ్ళ ముందువాడు. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఇంకా పెద్దగా కనిపించాలి.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు): పిల్లలతో కలిసి జంతువుల పేర్ల మూలాలు వెతకాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి?

జవాబు: తెలుగు నిఘంటువుతోనే మొదలుపెట్టండి మాస్టారూ, ఇంగ్లీషు మాటతో కాదు. ఇంగ్లీషు మాట పట్టుకుని తెలుగులో పోలిక వెతికితే ప్రతి మాటకీ ఏదో ఒక పోలిక దొరుకుతుంది. అన్నీ వృథా.

శబ్దరత్నాకరంలో ప్రతి మాట పక్కనా పొట్టి గుర్తు ఉంటుంది. 'సం.' అంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన తత్సమం. 'వై.' అంటే వైకృతం, మనం తద్భవం అనేది. 'దే.' అంటే దేశ్యం. పిల్లల చేత ఒక ఇరవై జంతువుల పేర్లు రాయించి ఈ గుర్తులు వేయించండి. ఇంట్లో, పొలంలో పిలుచుకునే మాటల్లో ఎక్కువ భాగం దేశ్యాలే అని వాళ్ళకే తెలుస్తుంది.

దేశ్యమైతే తర్వాత చూడాల్సింది బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు. ఏనుగు తీస్తే తమిళం 'యానై', కన్నడం 'ఆనె' కనిపిస్తాయి. ఎలుక దగ్గర 'ఎలి', 'ఇలి'. కోడి దగ్గర 'కోళి'. ఇక్కడితో ఆగిపోవాలి. ఈ మాటలకు యూరప్‌లో చుట్టాల్ని వెతక్కూడదు.

తద్భవాల దగ్గర కొంచెం నిలవండి, అందం అక్కడే ఉంది. 'రాయంచ'లోని 'అంచ' హంసకు తద్భవం. పసుల కాపరిలోని 'పసులు' పశువులే. రూపం మారినా వీటికి మూల ఇండో-యూరోపియన్ దాకా దారి ఉంది.

తత్సమమో తద్భవమో అయితే సంస్కృత రూపం ఎంత పాతదో చూడాలి. మోనియర్ విలియమ్స్ 1899 నిఘంటువు ఆ మాట ఏ గ్రంథంలో ఉందో గుర్తులతో చెబుతుంది. ఋగ్వేదంలో ఉంటే ముందుకు వెళ్ళొచ్చు. కావ్యాల్లోనో నిఘంటువుల్లోనో మాత్రమే ఉంటే అనుమానించాలి. అమరకోశం వాడేవాళ్ళకు ఒక సూచన: జంతువులన్నీ సింహాదివర్గంలోనే ఉంటాయనుకోకండి. ఏనుగు, గుర్రం క్షత్రియవర్గంలో, ఆవు, గొర్రె, ఒంటె వైశ్యవర్గంలో, కుక్క శూద్రవర్గంలో ఉంటాయి. ఎవరి దగ్గర ఏ జంతువు ఉంటుందో దాన్నిబట్టి అమరసింహుడు అమర్చాడు.

ఆ తర్వాత మెట్టు ఇరాన్. అవెస్తాలో ఆ మాట ఉందా? అశ్వకు 'అస్ప' ఉంది. ఉష్ట్ర (ఒంటె)కు 'ఉష్త్ర' ఉంది, జరతుష్త్ర అనే పేరులో ఉన్నది ఆ ఒంటే. అయితే అశ్వ ఇరాన్ దాటి ఐర్లాండ్ దాకా వెళుతుంది, ఉష్ట్ర ఇరాన్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఒంటె మాట ఆ రెండు శాఖల ఉమ్మడి ఆస్తి మాత్రమే. మూలభాషకు చేరాలంటే ఇండో-ఇరానియన్ (సంస్కృతం, అవెస్తాల ఉమ్మడి శాఖ) కాక, ఒకదానికొకటి దూరంగా ఉన్న కనీసం రెండు శాఖల్లో మాట దొరకాలి: లిథువేనియన్, ఐరిష్ లాంటివి. పక్కపక్క భాషలు రెండూ చూపిస్తే చాలదు, అరువు కావచ్చు.

చివరి పరీక్ష ధ్వనులది. మాటలోని ప్రతి హల్లుకూ వేరే మూడు మాటల్లో అదే మార్పు చూపించగలగాలి. చూపించలేకపోతే పలక మీంచి ఆ మాట తుడిచేయండి.

ఎక్కువగా తప్పు జరిగే చోట్లు మూడు. ఒకటి, అరుపుల్ని అనుకరించే పేర్లు. కాకి, కోకిల ఈ జాబితాలోకి రాకూడదు. కోకిల ఇంగ్లీషులో 'కుకూ', లాటిన్‌లో 'కుకూలుస్', గ్రీకులో 'కొక్కుక్స్'. పిట్ట అలా కూస్తుంది కాబట్టి ఎవరికి వారే పెట్టుకున్న పేర్లు. రెండు, ఎదురు దిక్కులో వెళ్ళిన అరువు. మీనం సంస్కృతం కదా అనుకుంటాం. తమిళ మలయాళాల్లో చేపకు నేటికీ 'మీన్' అంటారు. సంస్కృతమే ద్రావిడం నుంచి తీసుకున్న మాట అది. మూడు, వేషం మార్చుకున్న అరువు. అమరకోశంలో ఒంటెకు 'క్రమేలకం' ఉంది. 'క్రమ్' (అడుగు వేయు) నుంచి పుట్టినట్టు ఎంత చక్కగా కనిపిస్తుందో! కానీ అది గ్రీకు 'కామేలోస్', గ్రీకులకు సెమిటిక్ భాషల నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'కేమెల్' అదే. క్రమేలకానికీ కేమెల్‌కీ పోలిక ఉన్న మాట నిజమే, కారణం మాత్రం మూల ఇండో-యూరోపియన్ కాదు.

ప్రశ్న (పలాస నుంచి): మా ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. 'బేర్' అనే మాటకు సంస్కృతంలో చుట్టం ఉందా?

జవాబు: 'బేర్'కి లేదు. అలా లేకపోవడానికి కారణం భయం.

ఎలుగుబంటికి మూలభాషలో మంచి పేరు ఉండేది. సంస్కృతం 'ఋక్ష', గ్రీకు 'ఆర్క్‌తోస్', లాటిన్ 'ఉర్సుస్', వెల్ష్ 'ఆర్థ్', టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష హిట్టైట్‌లో 'హర్తగ్గ'. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనేది ఈ మాటతోనే. అయితే ఉత్తరాది అడవుల్లో ఉండిన జర్మానిక్, స్లావ్, బాల్టిక్ జనాల్లో ఈ పేరు పూర్తిగా మాయమైంది. పేరు పలికితే జంతువు వచ్చి మీద పడుతుందన్న నమ్మకంతో చాటు పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషు 'బేర్', జర్మన్ 'బేర్' అంటే 'గోధుమవన్నెది' అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రష్యన్ 'మెద్వేద్' అంటే తేనె తినేది: 'మెద్' మన మధు, 'ఏద్' మన అద్ (తిను). ఈ అలవాటు మనకు కొత్తేమీ కాదు. రాత్రిపూట పామును పేరు పెట్టి పిలవకుండా 'పురుగు' అనడం, పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అనడం మన పల్లెల్లో ఉన్నదే.

ఋక్షకు ఆకాశంలోనూ చోటుంది. ఋగ్వేదం మొదటి మండలం 24వ సూక్తంలో శునశ్శేపుడు వరుణుణ్ణి స్తుతిస్తూ, పైన ఉంచిన ఋక్షాలు రాత్రి కనిపిస్తాయి, పగలు ఎక్కడికి పోతాయో అంటాడు. మనం సప్తర్షి మండలం అనే చుక్కలవే. ఆ సప్తర్షుల్ని పూర్వం ఋక్షాలనేవారని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. గ్రీకులకూ అవే చుక్కలు ఎలుగుబంటి. ఆ ఎలుగుబంటి కనిపించే ఉత్తర దిక్కు 'ఆర్క్‌టికోస్', అదే నేటి ఆర్కిటిక్.

ఈ మాట మూలభాష గురించి మరో సంగతి తేల్చడానికి సాయపడింది. 1878 చివర్లో, ఇరవై ఒక్కేళ్ళ స్విస్ భాషావేత్త సొస్యూర్, మూలభాషలో ఉండి అన్ని శాఖల్లోనూ పోయిన కొన్ని ధ్వనులు ఉండాలని కేవలం అచ్చుల లెక్కతో చెప్పాడు. హిట్టైట్ పలకల్ని 1915లో హ్రోజ్నీ చదివాక, 1927లో కురిలోవిచ్ చూపించాడు: సొస్యూర్ ఉండాలన్న చోట హిట్టైట్‌లో గొంతులోంచి వచ్చే 'హ' ఉంది. 'హర్తగ్గ' మొదట్లోని 'హ' అలాంటిదే. హిట్టైట్‌కు దగ్గరి భాషైన లూవియన్‌లో గొర్రెను 'హవి' అంటారు. మన 'అవి' పోగొట్టుకున్న 'హ' అక్కడ మిగిలింది.

ప్రశ్న (కర్నూలు నుంచి): శునకం, హౌండ్ ఒకటేనంటారు. 'శ' ఎక్కడ, 'హ' ఎక్కడ?

జవాబు: మధ్యలో 'క' ఉంది. మూలభాషలోని తాలవ్యపు 'క' సంస్కృతంలో 'శ' అయింది, లాటిన్‌లో 'క'గానే నిలిచింది, జర్మానిక్ భాషల్లో 'హ' అయింది. శ్వన్, లాటిన్ కానిస్, ఇంగ్లీషు హౌండ్. శతం, కెంతుమ్, హండ్రెడ్ కూడా అంతే. జర్మానిక్‌లో హల్లులన్నీ ఇలా ఒక మెట్టు జరగడాన్ని 1822లో గ్రిమ్ సూత్రంగా రాశాడు.

అదే సూత్రంతో పశువును చూడండి. లాటిన్ 'పెకు', పాత ఇంగ్లీషు 'ఫెఓహ్': 'ప' 'ఫ' అయింది, 'క' 'హ' అయింది. పాత ఇంగ్లీషు మాటకు పశువులనీ డబ్బనీ రెండర్థాలు. ఇంగ్లీషు 'ఫీ'కి డబ్బు అర్థం ఇచ్చింది అదే. లాటిన్‌లోనూ 'పెకు' నుంచే డబ్బుకు 'పెకూనియా' వచ్చింది. తమిళంలో 'మాడు' అంటే పశువూ సంపదా రెండూ. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువుల్ని సొమ్ములనే అంటారు.

హంస, గూస్ సంగతి చాలామంది అడిగారు. అవును, ఒకటే. ఇక్కడ ధ్వని వేరు: మూలభాషలోని తాలవ్యపు 'ఘ' సంస్కృతంలో 'హ', జర్మానిక్‌లో 'గ'. జర్మన్ 'గాన్స్'లో అనుస్వారం నిలిచి ఉంది, ఇంగ్లీషులో 'స' ముందు అది రాలిపోయింది. లాటిన్ 'ఆన్సెర్' మొదట్లో 'హ' పోగొట్టుకుంది. ఈ చుట్టాలన్నీ గూస్‌నే చెబుతున్నాయి, స్వాన్‌ను కాదు. వేదకాలపు హంస కూడా చలికాలంలో హిమాలయాలు దాటి మన చెరువులకు వచ్చే పట్టీతల గూస్ లాంటిదే అయ్యుండాలని మా అభిప్రాయం.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మూషికం, మౌస్?

జవాబు: ఒకటే. లాటిన్, గ్రీకు, పాత ఇంగ్లీషు మూడింట్లోనూ 'మూస్'. సంస్కృతంలో ఇ, ఉ, ర, క ల తర్వాత 'స' 'ష' అవుతుంది కాబట్టి 'మూష్'. చర్మం కింద కదిలే కండను లాటిన్‌లో 'ముస్కులుస్' అన్నారు, చిట్టెలుక అని అర్థం. 'మజిల్' అదే.

ప్రశ్న (చిత్తూరు నుంచి): ఏనుగుకు మూలభాషలో మాటే లేదా? లేకపోతే ఆ జనం ఎక్కడివాళ్ళని అర్థం?

జవాబు: ఉమ్మడి మాట లేదు. ఋగ్వేదంలో ఏనుగు 'మృగ హస్తిన్', అంటే చెయ్యి ఉన్న మృగం. తెలిసిన జంతువుకు పేరుంటుంది, కొత్తగా చూసిన జంతువుకు వర్ణన ఉంటుంది. ద్రావిడ భాషల్లో మాత్రం యానై, ఆనె, ఏనుగు ఒకే మాట, వర్ణన కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ 'బభ్రు'. ఇంగ్లీషు 'బీవర్', లాటిన్ 'ఫిబెర్', లిథువేనియన్ 'బెబ్రస్', రష్యన్ 'బోబ్ర్', అన్నీ చల్లని ఏళ్ళలో ఆనకట్టలు కట్టే గోధుమరంగు జంతువుకు పేర్లు. మన దేశంలో ఆ జంతువు లేదు. మాట మాత్రం వచ్చింది. సంస్కృతంలో 'బభ్రు' అంటే గోధుమరంగు, ఇంకా ముంగిస. మోయడానికి తన జంతువు లేని పేరు, అదే రంగున్న ఇంకో జంతువు మీద వాలింది.

ఈ రెంటినీ కలిపితే ఉత్తరాన చల్లని ప్రాంతం వైపు వేలు చూపుతాయి. కానీ దీనొక్కదానితోనే ఊరు తేల్చకూడదు. మాట లేకపోవడం బలహీనమైన సాక్ష్యం, ఉన్న మాటలు కూడా పోతుంటాయి. పైన ఎలుగుబంటి విషయంలో చూశాం కదా: రష్యన్‌లో ఋక్షకు చుట్టం లేదు, అంతమాత్రాన రష్యాలో ఎలుగుబంట్లు లేవనగలమా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): మరి గుర్రం? అశ్వమే అన్నిటికీ రుజువంటారు కొందరు.

జవాబు: మాట గట్టిది. అశ్వ, అస్ప, ఎక్వుస్, పాత ఐరిష్ 'ఎఖ్', తొఖారియన్ 'యక్వె'. తొఖారియన్ చైనా పశ్చిమపు ఎడారిలో దొరికిన భాష కాబట్టి ఐర్లాండ్ నుంచి అక్కడి దాకా వ్యాపించిన మాట ఇది. గ్రీకు 'హిప్పోస్' మాత్రం మొదటి 'హ' వల్లా 'ఇ' వల్లా సూత్రానికి లొంగదు. చుట్టమే గానీ, రుజువుగా పనికిరాదు.

అయితే గుర్రానికి పేరుందంటే దాన్ని మచ్చిక చేశారని కాదు, తోడేలుకూ పేరుంది. మచ్చిక సంగతి పక్కన ఉన్న మాటలు చెప్పాలి. చక్ర, వీల్, అక్ష, యాక్సిల్, యుగ, యోక్: బండి భాగాలకు ఉమ్మడి పేర్లున్నాయి. బండి చక్రం క్రీ.పూ. 3500 ప్రాంతంలో కనిపిస్తుంది, కాబట్టి ఆ పేర్లు పంచుకున్న జనం అంతకు బాగా ముందే విడిపోయి ఉండరు. ఇక నేటి పెంపుడు గుర్రాలన్నీ వోల్గా, డాన్ నదుల దిగువ ప్రాంతపు మందల నుంచి వచ్చాయనీ, క్రీ.పూ. 2000 ప్రాంతం నుంచి వేగంగా వ్యాపించాయనీ 2021లో వచ్చిన జన్యు అధ్యయనం చూపించింది. ఇది గుర్రాల చరిత్ర, మాటల చరిత్రకు తోడుగా మాత్రమే పెట్టుకోవాలి.

అశ్వం ప్రయాణంలో మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన సాక్ష్యం టర్కీలోని బొఘాజ్‌కోయ్‌లో ఉంది. నేటి సిరియా ఉత్తరాన ఉండిన మితన్నీ దేశపు కిక్కులి అనే శిక్షకుడు గుర్రాల్ని రథానికి తయారుచేసే పద్ధతి అక్కడి మట్టిపలకల మీద హిట్టైట్ భాషలో ఉంది. కాలం క్రీ.పూ. 15–14 శతాబ్దాలు. చుట్టు తిప్పడానికి ఆయన వాడిన మాటలు: ఐక వర్తన్న, తేర వర్తన్న, పంజ వర్తన్న, సత్త వర్తన్న, నావ వర్తన్న. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది చుట్లు. తెలుగువాళ్ళెవరికీ అనువాదం అక్కర్లేదు.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తల్లి): మా పాప బడిలో స్పానిష్ నేర్చుకుంటోంది, ఇంట్లో తెలుగు. రెంటికీ కలిసే జంతువుల పేర్లు ఏవైనా చెప్తారా?

జవాబు: తప్పకుండానమ్మా. కలిసేవి ఇవి: ఎద్దు 'బ్వేయ్' మన గో. గొర్రె 'ఒవేహ' మన అవి. తోడేలు 'లోబో' మన వృకం (భీముడి వృకోదర నామంలో ఉన్నది). ఎలుగుబంటి 'ఓసో' మన ఋక్షం. పాము 'సెర్‌ప్యెంతె' మన సర్పం. 'గాన్సో' మన హంస, కానీ అది లాటిన్ నుంచి కాక జర్మానిక్ నుంచి అరువొచ్చింది.

గుర్రం దగ్గర పాప పొరపాటు పడొచ్చు. 'కబాయో'కు అశ్వంతో సంబంధం లేదు. వాడుక లాటిన్‌లో మోత గుర్రాన్ని అన్న 'కబాల్లుస్' పాత 'ఎక్వుస్'ను తోసేసింది. కానీ ఆడగుర్రానికి స్పానిష్‌లో 'యేగ్వ' అంటారు. అది 'ఎక్వ', మన అశ్వ. కుక్కకు 'పెర్రో' కూడా కలవదు. ఇంట్లో మాట్లాడుకునే ఆవు, కుక్క, పిల్లి, ఎలుకలతో కాకుండా, పద్యాల్లో వినే గో, వృక, ఋక్షలతో పోల్చమనండి.

ప్రశ్న (అనంతపురం నుంచి): క్రిమి, 'వర్మ్' ఒకటేనా?

జవాబు: కాదు, ప్రాస మాత్రమే. క్రిమికి చుట్టాలు లిథువేనియన్ 'కిర్మిస్', పాత ఐరిష్ 'క్రుయిమ్', పారశీకం 'కిర్మ్'. వర్మ్‌కు చుట్టం లాటిన్ 'వెర్మిస్', మొదట్లో 'క' జాడ లేని వేరే మూలం. రెండు పురుగులూ ఇంగ్లీషులో ఎరుపు రంగులయ్యాయి. పురుగుల నుంచి తీసే రంగుకు క్రిమి మాట అరబ్బీలో 'కిర్మిజ్' అయి, అక్కడి నుంచి 'క్రిమ్సన్' వచ్చింది. లాటిన్ 'వెర్మికులుస్' (చిన్న పురుగు) నుంచి 'వెర్మిలియన్' వచ్చింది.